బావమరిది పట్టాల్సిన తాడు

1979 ఫిబ్రవరి 24, శనివారం. ఉదయం తొమ్మిదీ నలభైకి ఎగువ అహోబిలం పైన, జ్వాలా నరసింహుడి గుడి దాటాక వచ్చే కొండచరియలో తేనె తీస్తూ మారెన్న అనే చెంచు మనిషి తాడు తెగి పడ్డాడు. ముప్పై అడుగుల కింద రాతి మెట్టు అతన్ని ఆపింది. వయసు ముప్పై ఆరు. మధ్యాహ్నం మూడున్నరకు వెదురు లారీలో నంద్యాల పెద్దాసుపత్రికి తెచ్చారు. నాలుగుంబావుకు లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశారు. నాలుగూ ఇరవైకి ఒక కాన్‌స్టేబులు అట్టకు గుచ్చిన కాగితాలతో వరండాలోకి వచ్చి, మారెన్న భార్యకు అన్న అయిన తిరుపాలును ఒక ప్రశ్న అడిగాడు. తాడు ఎవరు పట్టుకున్నారు?

"ఏందప్పా, చెవుడా?"

"లేదు సారూ."

"పేరు చెప్పేదానికి ఇంత ఆలోచనేంది? నాకు బస్టాండు కాడ ఇంకో పనుంది. గంటలో వస్తా. యాడికీ పోగాకు. వచ్చేసరికి పేరు చెప్పాల."

కాన్‌స్టేబులు వెళ్లాక తిరుపాలు బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ గడియారం ఉంది. అతనికి అక్షరాలు రావు, గడియారం వచ్చు. ఫారెస్టు బంగళాలో రెండేళ్లు కావలి ఉన్నప్పుడు గార్డు నేర్పించాడు, పెద్ద ముల్లు, చిన్న ముల్లు, అంతే చదువు. పెద్ద ముల్లు అయిదు మీద ఉంది. అది ఒక చుట్టు తిరిగి మళ్లీ అయిదు మీదికి వచ్చేసరికి ఒక పేరు చెప్పాలి. చెప్పడానికి రెండు పేర్లున్నాయి. చరియ మీద ఆ పొద్దు ఉన్నది ఇద్దరే, తను, మద్దయ్య. మద్దయ్య మారెన్నకు సొంత తమ్ముడు. ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. ఆసుపత్రి ఆవరణలో కుళాయి దగ్గర అటువైపు తిరిగి కూర్చున్నాడు. లారీ దిగినప్పటి నుంచి అక్కడే ఉన్నాడు. కిటికీలో నుంచి అతని వీపు కనిపిస్తోంది, చొక్కా మీద ఒక చోట రక్తం ఎండింది, అది మారెన్నది. డోలీ మోసేటప్పుడు అంటింది. కొండ నుంచి ఎగువ అహోబిలం దాకా రెండు గంటల పైన పట్టింది, దారి పొడవునా మద్దయ్య ముందు కొమ్ము భుజాన పెట్టుకుని నడిచాడు, ఒకసారి కూడా మార్చుకోలేదు. ఒక్క మాట మాట్లాడాడు. తెగింది బావా, అన్నాడు. ఎలా తెగిందో చెప్పలేదు. తిరుపాలు అడగలేదు.

తేనెకు చరియ దిగే మనిషి తాడును అతని భార్య అన్నో తమ్ముడో పట్టాలి. సొంత అన్నదమ్ములు పట్టకూడదు. గూడెంలో పుట్టిన ఎవరికైనా ఇది నడక వచ్చేనాటికే తెలుస్తుంది. దిగినవాడు పోతే అతని భార్య అతని తమ్ముడి ఇంటికి పోవచ్చు, కాబట్టి తమ్ముడి చేతిలో తాడు పెట్టరు. బావమరిదికి తన తోబుట్టువు మెడలో తాళి ఉండాలి, కాబట్టి వాడు వదలడు. దీంట్లో ప్రేమలు, పగలు ఏమీ లేవు, లెక్క మాత్రమే ఉంది. చెల్లెలు సుంకమ్మ పెళ్లయిన మూడో నాడు మారెన్న తాడు తెచ్చి తిరుపాలు ఒళ్లో పడేశాడు. ఇంక నా పాణం నీదే బామ్మర్దీ, ఈ పొద్దు నుంచి నా మీద కోపం వస్తే నేలన ఉన్నప్పుడే చూసుకో, పైకెక్కినాక గాదు, అన్నాడు. గూడెమంతా నవ్వారు. సుంకమ్మ కూడా నవ్వింది, ఆమెకు అప్పటికి పదహారు. పన్నెండేళ్లు అయింది. ఏటా ఎండాకాలంలో ఇరవై, ముప్పైసార్లు దిగుతాడు. పన్నెండేళ్లలో తాడు ఒకసారి జారింది, అదీ మూర మేర. ఆ రాత్రి మారెన్న సంగటి తింటూ, ఏం బామ్మర్దీ, నీ చెల్లెలు ఏమన్నా చెప్పిందా, అన్నాడు.

మాఘ, ఫాల్గుణాల్లో తేనె పలచన. పెద్ద తేనె ఎండలకు వస్తుంది. కానీ నరసింహుడికి చెంచు పిల్లతో పెళ్లి ఫాల్గుణంలో. పెళ్లికి ఆడపిల్ల తరపు వాళ్లం మేము, వట్టి చేతులతో పోకూడదని తిరుపాలు ఇంటి పెద్దల కాలం నుంచి ఒక కుండ తేనె ఇస్తున్నారు. ఆ రోజుల్లో తేనెపట్టు ఉండే చోటు ఒకటే, జ్వాలా పైన పొద్దు తగలని చరియ. శనివారం కావడంతో యాత్రికులు కూడా వచ్చారు. డోన్ నుంచి వచ్చిన జయలక్ష్మమ్మ అనే పెద్దావిడకు తిరుపాలు దారి చూపిస్తున్నాడు. అరవై దాటాయి, మూడేళ్లుగా ఇదే రోజుల్లో వస్తోంది, జ్వాలా దాకా ఎక్కడం ఇదే మొదలు, తిరుపాలు లేకపోతే ఈసారీ ఎగువ గుడి దగ్గరే ఆగిపోయేది. ఆమెను జ్వాలా గుడి మెట్ల మీద కూర్చోబెట్టి, ఒక గంట ఉండమ్మా, తేనె పనుంది, తరవాత ఉక్కుస్తంభం చూపిస్తా, అని చెప్పి పైకి పోయాడు. అక్కడ మారెన్న పొగ సిద్ధం చేసుకుని ఉన్నాడు. మద్దయ్య కుండ మోయడానికి వచ్చాడు. తాడు ఒక కొస చెట్టు మొదట్లో కట్టారు. తిరుపాలు చెట్టుకూ అంచుకూ మధ్య రాయికి కాళ్లు తన్ని కూర్చున్నాడు. అంచు మీద గోనెసంచి నాలుగు మడతలు వేసి, తాడు దాని మీద పోయేట్టు పెట్టాడు. ఒక గుంజు గుంజితే వదలాలి, రెండు గుంజితే లాగాలి. మారెన్న దిగాడు.

అప్పుడు కింద నుంచి జయలక్ష్మమ్మ పిలిచింది. తిరుపాలూ, ఓ తిరుపాలూ. రెండుసార్లు ఊరుకున్నాడు. మూడోసారి గొంతు మారినట్టు అనిపించింది. పోయినేడు ఒకామె భవనాశిని వాగు దాటేటప్పుడు కాలు జారి మోకాలు పగలగొట్టుకుంది, ఆమెను తీసుకుపోయిన వాణ్ని గుడి దగ్గర అందరూ తిట్టారు. తిరుపాలు మద్దయ్యను పిలిచాడు. దీన్ని పట్టుకో, ఆకు నమిలినంతసేపు, అన్నాడు. మద్దయ్య రాలేదు. "బావా, నేను పట్టగూడదు గదా." "ఎవురు చూస్తాండారు ఈడ? దేవుడే ఊళ్ల మీద పొయినాడు." మద్దయ్య వచ్చి కూర్చున్నాడు. నిజంగానే ఆ రోజు ఉత్సవ దేవుడు కొండ మీద లేడు. పండగ నెలలో పల్లకీ ఎక్కి నలభై రోజుల పైన ఊరూరు తిరిగి, నా పెళ్లికి రండి అని పిలిచి, పెళ్లినాటికి కొండకు వస్తాడు. దాన్ని పారువేట అంటారు. తాడు చేతులు మారిన సంగతి చరియలో ఉన్న మారెన్నకు తెలియదు. అంచు కింద ఉన్నవాడికి తాడు పట్టిన మనిషి కనిపించడు, తాడు కనిపిస్తుంది.

ఆ దేవుడు నంద్యాల దారిలో కనిపించాడు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర లారీ ఒక్క నిమిషం ఆగింది, సంతకు వచ్చిన సుంకమ్మ ఎక్కడున్నా నంద్యాల బస్సు ఎక్కించమని టీ కొట్టు రంగయ్యకు చెప్పారు, మళ్లీ కదిలింది. శిరివెళ్ల దాటాక ఒక ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా జనం. డ్రైవరు కృపావరం హారను కొట్టాడు, ఎవరూ జరగలేదు. పల్లకీ పొలం దారి నుంచి రోడ్డు మీదికి ఎక్కుతోంది. బోయీలు ఎనిమిది మంది, ముందు తప్పెట్లు, ఇంటింటి వాళ్లు బిందెలతో నీళ్లు పోస్తున్నారు. మారెన్న వెదురు మీద పరిచిన గడ్డిలో కళ్లు మూసుకుని ఉన్నాడు, లారీ ఆగిన కుదుపుకు మూలిగాడు. జనంలో ఎవరో తిరుపాలును గుర్తుపట్టారు. కనుమ నాడు పారువేట బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు, మా పిల్లను ఎత్తుకుపోయినాడని. మూడేళ్లుగా మొదటి బాణం తిరుపాలుదే. అందుకని గుర్తుపట్టారు. ఓ చెంచాయనా, మీ బావ వస్తాండాడు, దిగి మొక్కు, బాణం తెచ్చుకోలేదా, అని అరిచాడు ఒకతను. తిరుపాలు లారీ పైనుంచి, బావ ఈడ ఉండాడప్పా, తొలగండి, అన్నాడు. అతను నవ్వాడు, పరాచికం అనుకున్నాడు. కృపావరం దిగి, ఏమయ్యా, మనిషి పోతాండాడు, మీ సామికి చెప్పి రెండడుగులు జరపండి, అని గదమాయించాక ఒకామె లారీ చక్రం మీదికి కాలు వేసి లోపలికి తొంగి చూసింది. అప్పుడు జరిగారు. పల్లకీ లారీ పక్కనే నిలబడింది. దేవుడి ముఖం మీద పసుపు నీళ్లు కారుతున్నాయి. తిరుపాలు మొక్కలేదు. చేతులు మారెన్న తల కింద ఉన్నాయి. ఆగింది పది నిమిషాలని కృపావరం ఆ తర్వాత రెండుసార్లు చెప్పాడు, ఎవరో తనను అడిగినట్టు.

నాలుగున్నర దాటింది. లోపలి నుంచి దెబోరా అనే నర్సు బేసిన్ పట్టుకుని వచ్చింది. ఆమెది ఆళ్లగడ్డ, మాటలో తెలుస్తుంది.

"ఏమన్నా తిన్నావా అప్పా?"

"లేదమ్మా. ఎట్లుంది?"

"నడుముకు దెబ్బ తగిలింది. కాలు రెండు చోట్ల. డాక్టరు చూస్తాండాడు. పాణం గురించి ఇప్పుడు అడగొద్దు, నాకు తెలిస్తే నేనే చెప్తా." రెండడుగులు వేసి ఆగింది. "ఆ కుళాయి కాడ ఉండేది ఎవరు? లోపలికి రమ్మంటే రాడు, నీళ్లు తాగమంటే తాగడు."

"వాళ్ల తమ్ముడు."

"భయపడినట్టుండాడు."

ఆమె వెళ్లిపోయింది. భయపడినవాడు అలాగే కూర్చుంటాడు. తప్పు చేసినవాడు కూడా అలాగే కూర్చుంటాడు. వీపు చూసి చెప్పలేం. మద్దయ్య అన్న ఇంట్లోనే తింటాడు, వదిన చేతి సంగటే. పాపమ్మ అనే ముసలామె పోయిన వానాకాలంలో, వీనికి పిల్లను చూడండి, లేకుంటే ఉన్నపిల్లనే చూసుకుంటాడు, అని అందరిలో అన్నది. సుంకమ్మ ఆ రోజు ఆమె మీద బూడిద పోసింది. మారెన్న నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు మద్దయ్య తాడు పట్టాడని తెలిస్తే పాపమ్మ ఆ మాట మళ్లీ అంటుంది, ఈసారి ఎవరూ బూడిద పోయరు. పోలీసుల సంగతి సరే, గూడెం వాడిని ఉండనివ్వదు. సుంకమ్మను ఉండనిస్తుంది, కానీ ఆమె పోతుంటే మాటలు ఆపుతారు. మారెన్న పోతే అలా. మారెన్న బతికితే ఇంకోలా, వాడు తమ్ముడి చేతి నీళ్లు తాగుతాడా, మానుతాడా, అది ఎవరికీ తెలియదు. పేరు తనది చెబితే? పన్నెండేళ్లు పట్టినవాడు, పదమూడో ఏట వదిలాడు. చెల్లెలి మొగుణ్ని పడేసిన అన్న. గూడెంలో ఏ ఆడదైనా తిరుపాలును చూసినప్పుడల్లా తన మొగుడి తాడు పట్టే అన్నను ఒకసారి చూసుకుంటుంది. సుంకమ్మ ఏమంటుందో అతని ఊహకు రాలేదు. ముందు తను ఎంతసేపు లేడో తెలియాలి. ఆకు నమిలినంతసేపు అని అన్నాడు. అంతసేపేనా? గడియారం ఉంది. జయలక్ష్మమ్మకు చెప్పినదంతా చెప్పినట్టే, అదే నడకన, మళ్లీ చెబితే తెలుస్తుంది. పెద్ద ముల్లు ఏడు మీదికి వచ్చేదాకా ఆగి మొదలుపెట్టాడు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

ఆమెకు ఏమీ కాలేదు. మెట్ల మీద నుంచి లేచి గుంట దగ్గరికి వచ్చి నిలబడింది. రక్తకుండం ఇదేనా అప్పా? ఇంత చిన్నదా, నేను కోనేరంత అనుకుంటి. చేతులు కడుక్కునే దానికి ఇంత చాలదామ్మా. ఆమె నవ్వింది. దీనికా పిలిచినావు? ఎట్లాగూ వచ్చినావు గదా, చెప్పు, పోయినేడు సగమే చెప్తివి, అందామె. సరే. ఈడ హిరణ్యకశిపుడు ఉండెనమ్మా. పగలు సావకూడదు, రాత్రి సావకూడదు. ఇంట్లో గాదు, బయట గాదు. మనిషి చేత గాదు, జంతువు చేత గాదు. నేల మీద గాదు, ఆకాశంలో గాదు. కత్తితో గాదు, కట్టెతో గాదు. అన్ని దారులూ మూసుకున్నాడు. ఇంక నన్నెవురు అంటాడు. కొడుకేమో హరి ఉండాడు అంటాడు. యాడుండాడు? అంతటా ఉండాడు. ఈ స్తంభంలో ఉండాడా? ఉండాడు నాయనా. గదతో కొడితే ఆ పైన కనిపిస్తాండాదే, ఆ కొండే స్తంభం, అది చీలింది. ఆమె తలెత్తి చూసింది, చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. పొద్దుగూకే వేళ, గడప మీద, తొడ మీద వేసుకుని, గోళ్లతో. తలుపులన్నీ మూసినా గడప మిగిలిపోయిందమ్మా. ఈ గుంటలో కడుక్కున్నాడు. నీళ్లు తీసి చూడు, ఎర్రగుండవు, గుంటలోనే ఎరుపు. ఆమె వంగి దోసిలి పట్టింది, చూసింది, వదిలింది, మళ్లీ పట్టింది. అక్కడికి పెద్ద ముల్లు ఎనిమిది దాటింది. అక్కడ ఆపి ఉండొచ్చు. ఆమె అడిగింది అంతవరకే. తర్వాతిది తిరుపాలు తనకు తనే మొదలుపెట్టాడు. యాత్రికులు ఎవరు వచ్చినా రాక్షసుడి దగ్గర ఆగిపోతారు, అయ్యవార్లూ అక్కడిదాకానే చెబుతారు. చెంచుల వంతు వచ్చేది దాని తర్వాత.

రాక్షసుడు సచ్చినాడు గానీ కోపం సావలేదమ్మా. బ్రహ్మ వచ్చి పొగిడినా దిగలేదు, పిల్లోడు వచ్చి మొక్కితే కొంచెం దిగింది, మిగతాది పట్టుకుని అడివిలో పడ్డాడు. ఆడ మా పిల్ల గడ్డలు తవ్వుతాండాది. పేరేందప్పా? చెంచు పిల్లే, మీరు లక్ష్మి అంటారు. ఏయ్, ఎవురు నువ్వు, జూలు పెంచుకుని తిరుగుతాండావ్, అనింది. అంతవరకు అందరూ సామీ, సామీ అని వణికినోళ్లే. ఏయ్ అని పిలిచింది ఆయమ్మే. కోపం ఆడ దిగింది. పిల్లనియ్యండి అని గూడేనికి వచ్చినాడు. మావోళ్లు, నీకేం వచ్చు, అని అడిగినారు. రాక్షసుణ్ని చంపినా, అన్నాడు. మాకు రాక్షసులు లేరప్పా, గడ్డలు తవ్వడం వచ్చునా? రాదు. చెట్టెక్కడం? రాదు. తేనె తీయడం? రాదు. నేర్చుకో, అన్నారు. గడ్డలు తవ్వినాడు, గోళ్లున్నాయి గదా, అది బేగా వచ్చింది. చెట్టెక్కినాడు. కడాకు తేనె. ఈ చరియ కాడికే తెచ్చినారు. ఇక్కడ జయలక్ష్మమ్మ, ఇదే చరియనా, అని అడిగింది. ఇదే. తాడెవురు పడతారు అని అడిగినాడు దేవుడు. నీకు అన్నదమ్ములు ఉండారా? ఉంటే ఉండారు, ఆళ్లు వద్దు. అప్పుడు పిల్ల అన్న ముందుకొచ్చినాడు. నువ్వు దేవుడైతే నాకేంది, నా చెల్లెలు ముండమోయడం నాకిష్టం లేదు, తాడు నేను పడతా, అన్నాడు.

తిరుపాలు పెదవులు అక్కడ ఆగాయి. పొద్దున కూడా అక్కడే ఆగాడు. పడతా అన్నాడు అని చెప్పి, చేయి పైకి చూపిస్తూ ఉండగా పైనుంచి అరుపు వినిపించింది. ఎవరి అరుపో తెలియలేదు, రెండు గొంతులున్నట్టు తోచింది. జయలక్ష్మమ్మ చేతి గడియారం చూసుకుని తొమ్మిదీ నలభై అంది, ఎందుకు చూసిందో ఆమెకే తెలియాలి. గోడ గడియారంలో పెద్ద ముల్లు తొమ్మిది దాటి మూడు గీతలు పోయింది. పదమూడు నిమిషాలు. గుడి దాకా దిగడానికి పట్టిన మూడు కలిపితే పదహారు.

పదహారు నిమిషాలు మద్దయ్య తాడు పట్టుకున్నాడు. తిరుపాలు దాన్ని తన పదహారు నిమిషాలు చేసుకుని చూశాడు. తను ఉంటే ఏం చేసేవాడు? మారెన్న మొదటి పట్టుకు నేరుగా దిగుతాడు. రెండో పట్టు ఎడమకు ఉంది, దానికి కాలితో తన్నుకుని ఊగుతూ పోతాడు. కింద మనిషి ఎడమకు పోతే పైన తాడు అంచు మీద ఎడమకు జరుగుతుంది, గోనెసంచి మీద నుంచి దిగి రాతి మీద పడుతుంది. కాబట్టి తాడు పట్టినవాడు తాడును చూడడు, అంచును చూస్తాడు. కుడికాలితో గోనెను తాడు కిందికి తోస్తూ ఉంటాడు. వంద లెక్కపెట్టేలోపు ఒకసారి, ఊగేటప్పుడు ఇంకా తొందరగా. ఇది తిరుపాలుకు అతని మేనమామ చూపించాడు, నోటితో చెప్పలేదు, కాలితో తోసి చూపించాడు. మేనమామకు ఇంకెవరో చూపించి ఉంటారు. బావమరుదులు బావమరుదులకు చూపిస్తారు. మద్దయ్యకు అక్కచెల్లెళ్లు లేరు. అతనికి పట్టాల్సిన తాడు ఏదీ లేదు. అన్న తాడు దగ్గరికి ఏనాడూ రానివ్వలేదు, పిల్లప్పుడు దగ్గరికి వస్తే తిరుపాలే మట్టి గడ్డ విసిరి తరిమాడు. గోనె సంగతి వాడికి ఎవరు చెబుతారు? వాడు కూర్చుని తాడునే చూస్తూ ఉండి ఉంటాడు, ఒక గుంజుకు వదులుతూ, రెండు గుంజులకు సిద్ధంగా. పైకి పరిగెత్తి వెళ్లినప్పుడు తిరుపాలు చూసింది ఇదే. గోనె ఉన్నచోటే ఉంది, నాలుగు మడతలూ చెదరలేదు. తాడు రెండు మూరల ఎడమకు, పలుగు రాయి మీద నలిగి తెగింది. కొస దువ్విన జుట్టులా ఉంది. కోసిన కొస అలా ఉండదు. అది చూశాడు, కానీ చూడడం వేరు, నమ్మడం వేరు. ఇరవై రెండేళ్లవాడు, తాడు రాయి మీద నలుగుతుంటే చప్పుడు వినడా? నార తెగేటప్పుడు ఒక్కో పోగు చిటుక్కుమంటుంది. విని కూర్చున్నాడా? వినలేదా? గోనె జరపడం తెలియనివాడికి ఆ చప్పుడు ఏమిటో తెలియకపోవచ్చు. తెలిసే ఉండొచ్చు.

అయిదయింది. బయట టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు, రైలు కూత, ఎవరిదో బిడ్డ ఏడుపు. తిరుపాలు లేచి కిటికీ దగ్గరికి పోయి, మద్దయ్యా అని పిలవబోయి ఆగాడు. పిలిస్తే అడగాలి. అడిగితే వాడు ఏదో ఒకటి చెబుతాడు. లేదు బావా అంటాడు. నమ్మినవాడు నమ్ముతాడు, నమ్మనివాడు నమ్మడు, చెప్పిన మాట రెండు వైపులా ఒకటే. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. దెబోరా తలుపు తీసుకుని వచ్చింది, ఈసారి వట్టి చేతులతో.

"తిరుపాలు అంటే నువ్వేనా?"

"నేనే అమ్మా."

"మెలకువ వచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట. తిరుపాలు కూడా పడినాడా, తిరుపాలు యాడ, అని. బాగుండాడని చెప్పనా?"

"చెప్పు."

"నువ్వు గూడా పైనుంచి పడినావేమో అనుకుంటాండాడు. తాడు పట్టినోడు అంచు దాటి వచ్చేసినాడేమోనని. నీకేం గాలేదని చెప్తే నిద్రపోతాడు." ఆమె లోపలికి పోయింది.

మారెన్న పడుతూ అనుకున్నది అది. తాడు తెగిందని అనుకోలేదు, బామ్మర్ది వదిలాడని అనుకోలేదు. తాడుతో పాటు మనిషీ వచ్చాడనుకున్నాడు. తిరుపాలు రెండు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గడియారం వైపు చూశాడు. చూశాడు కానీ ఎంతయిందో చదవలేదు. తర్వాత మారెన్న తేనె పట్టు కోసేటప్పుడు పాడే పాట ఒకటి గుర్తుకొచ్చింది, దాంట్లో బామ్మర్దిని తిడతాడు, లంబాడోడివి, నిద్రముఖమోడివి, నీ చెల్లెలికి వండడం రాదు, అని. పైన మెలకువగా ఉన్నాడా లేదా తెలుసుకోవడానికి ఆ పాట. పైనుంచి తిరుపాలు తిట్టి జవాబు చెప్పాలి. ఈ పొద్దు పాడి ఉంటాడు. మద్దయ్య ఏం జవాబు చెప్పి ఉంటాడు? అన్నను తిట్టి ఉండడు. ఊరుకుని ఉంటాడు. జవాబు రాకపోయినా మారెన్న ఎడమకు ఊగాడు.

అయిదూ ఇరవై అయిదుకు కాన్‌స్టేబులు వచ్చాడు. అతని వెనకే సుంకమ్మ వచ్చింది. ఆళ్లగడ్డ బస్సు అప్పుడే వచ్చింది. అమ్మగా మిగిలిన విస్తరాకుల కట్ట చంకలో ఉంది, దించలేదు.

"అన్నా, ఉండాడా?"

"ఉండాడు. నడుముకు తగిలింది. మాట్లాడతాండాడు."

ఆమె గోడకు ఆనుకుంది. కాన్‌స్టేబులు అట్ట తీశాడు. "ఈమె ఎవరు? పెళ్లామా? సరే, ఉండనీ. నువ్వు చెప్పప్పా. తాడు ఎవరు పట్టుకున్నారు?"

"నేను," అన్నాడు తిరుపాలు.

"ఇది చెప్పేదానికి గంట కావాల్నా?"

సుంకమ్మ కట్ట కింద పెట్టింది. అన్న దగ్గరికి వచ్చి అతని కుడిచేయి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. ఎడమచేయి కూడా చూసింది. తెగి పరిగెత్తే తాడు చేతుల్లో ఏం చేస్తుందో గూడెంలో అందరికీ తెలుసు. తిరుపాలు అరచేతుల్లో పాత కాయలు తప్ప ఏమీ లేవు. ఆమె చేతులు వదిలి మెట్లు దిగి కుళాయి దగ్గరికి నడిచింది. కిటికీలో నుంచి తిరుపాలుకు కనిపిస్తోంది. మద్దయ్య తల ఎత్తలేదు. ఆమె వంగి అతని మణికట్లు పట్టి లాగింది. గుప్పిళ్లు విప్పడానికి కొంతసేపు పట్టింది. రెండు అరచేతుల్లోనూ వేళ్ల మొదలు నుంచి మణికట్టు దాకా తోలు లేదు. నార పోగులు మాంసంలో దిగి ఉన్నాయి.

"తెగతాంటే అంచు కాడికి ఉరికి పట్టుకుంటి వదినా. కింది ముక్క చేతికొచ్చింది. నిలవలే. బరువు ఆగలే."

"అరవగాకు."

"గోనె జరపాలని నాకు తెలీదు."

"నోరు మూసుకో మద్దయ్యా. లేసి లోపలికి రా. ఆ నర్సమ్మతో పోగులు తీయించుకో. డోలీ మోస్తా గీసుకున్యా అని చెప్పు."

ఆమె వరండాలోకి తిరిగి వచ్చింది. మద్దయ్య రెండడుగుల వెనక వచ్చాడు. ఆమె అన్న వైపు చూడకుండా కాన్‌స్టేబులు ఎదురుగా నిలబడింది.

"రాసుకున్యావా సారూ? మా అన్నే పట్టుకున్నాడు."

"నువ్వాడ ఉన్నావా?"

"లేను. సంతలో ఉంటి."

"మరి నీకెట్లా తెలుసు?"

"మాలో తాడు బామ్మర్దే పడతాడు. ఇంకెవురూ పట్టరు. ఎవుర్నైనా అడుగుపో."

కాన్‌స్టేబులు రాశాడు. దెబోరా మద్దయ్యను లోపలికి తీసుకుపోయింది. తాడు రాయి మీద నలిగి తెగిందని, ఎవరి మీదా అనుమానం లేదని కాగితంలో ఉంది. తాడు పట్టిన మనిషి పేరు దగ్గర తిరుపాలు, వయసు ముప్పై నాలుగు, బావమరిది అని ఉంది. కింద అతని వేలిముద్ర, దాని పక్కన సుంకమ్మ వేలిముద్ర పడ్డాయి. కాన్‌స్టేబులు వేసిన టైము సాయంత్రం అయిదూ నలభై.